డబ్బా ఖాళీ చేయాలనే తొందర

దీపంలో నూనె తగ్గితే వత్తి మాడిపోతుందని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎక్కువైతే పొర్లి కింద పడుతుంది, గుడ్డతో తుడుచుకుంటాం. అంతకన్న నష్టమేమీ లేదు. దీపం నేర్పిన ఈ ధీమాతోనే మనవాళ్ళు మోటారు బండి దగ్గరికి కూడా వెళతారు. ఇంజనులో ఆయిలు తగ్గితే ప్రమాదమని అందరూ ఒప్పుకుంటారు. మించినా ప్రమాదమేనంటే మాత్రం మన మొహంకేసి అదోలా చూస్తారు.

మా శ్రీరాంపూర్ బొగ్గు ఊరు. పూర్వం ఆదిలాబాదు జిల్లాలో వుండేది, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. భూమి అడుగున గనులూ వున్నాయి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టూ వుంది. రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు, బొగ్గు టిప్పర్లూ, ట్రాక్టర్లూ, జీపులూ వరసగా పోతుంటాయి. అన్నీ డీజిలు తాగేవే. ఇటువంటి చోట కూడా ఆయిలు మార్పించుకున్నాక కొలపుల్ల తీసి చూసుకునేవారు నాకు అట్టే కనబడలేదు.

డీజిలు ఇంజను స్వభావం తెలిస్తే ఈ భయం ఎందుకో తెలుస్తుంది. దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గులో మొదటిసారి సవ్యంగా నడిపి చూపించాడు. అంతకుముందు బొగ్గుపొడితో నడిపే ఆలోచన కూడా చేశాడాయన. మా ఊరివాళ్ళకి ఈ మాట చెబితే సంబరపడతారు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుసెనగ నూనె పోసి నడిపారు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుంటుంది. తాళం తిప్పితే రవ్వ ఆగుతుంది, ఇంజనూ ఆగుతుంది. డీజిలుకు రవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే లోపల పడ్డ నూనె భగ్గుమంటుంది. ఆ పడ్డది డీజిలా, వేరుసెనగ నూనా, తన కీళ్ళకు పోసిన ఇంజను ఆయిలా అన్న విచక్షణ దానికి లేదు. అసలు చిక్కంతా ఇక్కడే వుంది.

ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిని సంపు అంటారు. దానికి పైన క్రాంకు షాఫ్టు గిరగిర తిరుగుతూ వుంటుంది, ఆయిలుకు తగలకుండా. ఆయిలు మట్టం పెరిగి షాఫ్టుకు అందిందా, అది కవ్వమైపోతుంది. నిమిషానికి రెండు వేలసార్లు తిరిగే కవ్వంతో మజ్జిగ చిలికితే కుండ నిండా ఏముంటుంది? నురుగు! పంపు ఆ నురుగునే బేరింగులకు తోస్తుంది. నురుగులో సగం గాలి. తొట్టి నిండా నూనె వుండి కూడా కీళ్ళు ఎండుతాయన్నమాట. మరోవైపు లోపలి ఒత్తిడికి సీళ్ళు కారటం మొదలవుతుంది. ఆయిలు తుంపర ఊపిరి గొట్టం గుండా గాలి పీల్చే దారిలోకి చేరుతుంది. అక్కడినుంచి సిలిండరులోకి పోయి మండుతుంది. పొగ గొట్టంలో నీలం పొగ కనిపించేది అందుకే.

మా అక్క కొడుకు ఈ మధ్య ఒక సెకండ్ హ్యాండ్ డీజిలు జీపు కొన్నాడు. కొన్న మొక్కు తీర్చుకోవడానికి గూడెం గుట్ట మీద సత్యనారాయణస్వామి వ్రతం చేయిద్దామని ఇంటిల్లిపాదీ ముస్తాబయ్యారు. ముందురోజే టౌనులో ఒక మెకానిక్ దగ్గర ఆయిలు మార్పించుకొచ్చాడు. పులిహోర డబ్బాలు సర్దారు, పిల్లలు ఎక్కి కూర్చున్నారు. పక్కింటాయన ఓపెన్‌కాస్టులో డంపర్ల దగ్గర ఫోర్‌మనుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గోడమీదుగా చూసి, "నిన్న మాపటికి వచ్చేటప్పుడు నీలం పొగ వెట్టిందేంది బిడ్డా, కొలపుల్ల జూసినవా?" అన్నాడు.

"కొత్త ఆయిలే కాకా, నా ముందరే పోసిండు. డబ్బా మొత్తం పోసిండు" అన్నాడు మావాడు, అదేదో మెకానిక్ దొడ్డబుద్ధి అయినట్టు.

ఆయన ఇంకేం మాట్లాడకుండా లోపలికి వచ్చాడు. అందర్నీ దింపి, వాలు మీదున్న జీపును సమంగా వున్న చోటికి తోయించాడు. పుల్ల తీసి తుడిచి, మళ్ళీ గుచ్చి తీశాడు. కింద గీతకూ పై గీతకూ నడుమ వుండవలసిన ఆయిలు పై గీత దాటి బెత్తెడు ఎగబాకింది.

మా అక్క వ్రతం వేళ దాటిపోతుందని ఒకటే గొడవ. "కొంచెం ఎక్కువైతే ఏమవుతుంది అన్నయ్యా? వచ్చాక తీసుకోవచ్చు గదా" అన్నది.

"ఏమైతదా అమ్మా? మా కాడ ఓ బండి గిట్లనే చేతికి రాకుండ పోయింది. డ్రైవరు తాళం తీసి చేతుల పట్టుకున్నడు. అది మొత్తుకుంటనే ఉన్నది. దాని ఆయిలు అదే తాగుతున్నది, ఇగ తాళం మాట ఎందుకింటది?" అన్నాడాయన. ఆ మాటతో పిల్లలు అరుగు మీదికి చేరారు. అక్క కూడా పులిహోర డబ్బా దించింది.

తీసే పద్ధతి పెద్ద విద్య ఏమీ కాదు. అడుగున బిరడా వదులు చేసి కొంచెం కార్చవచ్చును గాని, అనుభవం లేనివాళ్ళు ఒక్కసారిగా అంతా కారబోసుకుంటారు; ఇంజను వేడిగా వుంటే చేతులు బొబ్బలెక్కుతాయి. ఫోర్‌మను గారు కొలపుల్ల దూరే రంధ్రంలోంచి సన్నని గొట్టం వేసి, చేతిపంపుతో లాగారు. నోటితో మాత్రం లాగకూడదు. అరలీటరు తీయడం, పుల్లతో చూడటం, మళ్ళీ అరలీటరు. మూడుసార్లయ్యేసరికి మట్టం గీతకు దిగింది. ముప్పావుగంట పట్టింది.

ఎక్కువ ఎలా వచ్చిందంటారా? బండి పుస్తకంలో రెండు లెక్కలుంటాయి, ఫిల్టరు మారిస్తే ఇంత, మార్చకపోతే ఇంత అని. ఫిల్టరు మార్చకుండా పెద్ద లెక్క పోసేవారున్నారు. పాత ఆయిలు పూర్తిగా కారకముందే బిరడా బిగించేవారున్నారు. ఇంజను ఆపిన మరుక్షణమే పుల్ల చూస్తే, పైకెక్కిన ఆయిలు ఇంకా దిగి వుండదు గనుక, తక్కువగా కనిపిస్తుంది, ఇంకాస్త పోస్తారు. పది నిమిషాలు ఆగి చూస్తే ఆ పొరపాటు రాదు. వీటన్నిటికన్నా పెద్ద కారణం నా ఉద్దేశంలో డబ్బాయే. తెరిచిన డబ్బాలో కాస్త మిగిల్చడానికి మనవాళ్ళకు మనసొప్పదు. పై గీతమీద వెంట్రుకవాసి ఎక్కితే గాభరా పడనక్కరలేదు. వేలెడు ఎక్కితే మాత్రం తాళం ముట్టుకోవద్దు.

ఎవరూ పోయకుండానే మట్టం పెరిగితే అది వేరే జబ్బు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమలైన బి.ఎస్.6 నిబంధనల తర్వాతి డీజిలు కార్లలో మసిని పట్టే జల్లెడ వుంటుంది. ఆ మసిని కాల్చడానికి ఇంజను అప్పుడప్పుడు అదనంగా డీజిలు చిమ్ముతుంది. బజారుకూ బడికీ తప్ప దూరం పోని కార్లలో ఆ కాల్పు మధ్యలోనే ఆగిపోయి, డీజిలు కొంత సంపులోకి జారుతుంది. పుల్లను వాసన చూస్తే తెలుస్తుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీలా వుంటే నీళ్ళు కలిశాయన్నమాట. ఈ రెండింటికీ పైపైన కొంత తీసేస్తే సరిపోదు, మెకానిక్‌కు చూపించాల్సిందే.

ఖర్మకాలి ఇంజను తాళం మాట వినకుండా అరవడమే మొదలెడితే? దాని గాలి మూసేయాలి. గాలి పీల్చే గొట్టం మూతికి చదునైన చెక్కగాని మందపాటి రబ్బరు పలకగాని అడ్డం పెట్టాలి. చెయ్యి పెట్టరాదు, పలచని గుడ్డ పెడితే మింగేస్తుంది. గేర్లు చేత్తో మార్చే బండిలో మనం కూర్చునే వుంటే, బ్రేకు బలంగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్చి వదిలితే ఆగిపోవచ్చు. ఏదీ కుదరకపోతే జనాన్ని దూరంగా పంపాలి. పగిలిన ఇంజను ముక్కలు ఎటు ఎగిరివస్తాయో చెప్పలేం.

వ్రతం రెండో జట్టులో జరిగింది. తీసిన లీటరున్నర ఆయిలూ కొత్తదే. శుభ్రమైన సీసాలోకి పట్టారు గనుక, తగ్గినప్పుడు పోసుకోవచ్చునని ఫోర్‌మను గారు మూత బిగించి, మీద తారీఖు రాసి మావాడికిచ్చారు. అది గుమ్మాలకు పూస్తే చెద పట్టదని మా అక్క అప్పుడే రెండుసార్లు అడిగింది. వాడు సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.