గరగర రేడియోది కాదు

రేడియో గరగరమంటే "పాతదైంది, అమ్మేయండి" అంటరు. ఇది తప్పని నా అభిప్రాయం.

షార్ట్ వేవ్ మీద దూరపు స్టేషన్ సన్నగ వినిపిస్తది. దాని మీద ఇంట్లోని ఎల్.ఇ.డి. బుగ్గ, సెల్ చార్జర్ అరుస్తయి. వాటి లోపలి సర్క్యూట్ సెకనుకు వేలసార్లు కరెంటును ఆపి వదులుతది. అదే చిన్న రేడియో తరంగమై సెట్టులో పడుతది.

పరీక్ష సులువు. రేడియోను బ్యాటరీల మీద పెట్టి మెయిన్ స్విచ్ ఆపాలె. మోత తగ్గితే దొంగ మన ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కొక్కటే వేసి చూస్తే దొరుకుతడు. తగ్గకపోతే పక్కింటిదో, లైనుదో. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇండ్లు గోడకు గోడ ఆని ఉన్న వాడల్లో పక్కింటోళ్లను కూడా అడగాలె. రేడియోను వైర్లకు దూరంగ వాకిట్ల పెట్టాలె. మీడియం వేవ్ అయితే సెట్టును మెల్లగ తిప్పాలె. లోపలి ఏరియల్‌కు దిక్కుంటది.

బి.బి.సి. హిందీ షార్ట్ వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31న ఆగిపోయినయి. ఉన్న స్టేషన్లయినా వినపడాలె గదా! సెల్ సిగ్నల్ అందని గూడేల్లో, వానలకు కరెంటు పోయిన రాత్రి, వార్త చెప్పేది బ్యాటరీ రేడియోనే. బుగ్గలు చేసే కంపెనీలు గరగరను ఆపే ఫిల్టర్ తప్పక పెట్టాలె. అగ్గువకు వస్తదని మన చెవులు మూయొద్దు. ఆలోచించండి.

– 9వ తరగతి విద్యార్థిని