పాపం పసుపు తీగది

"ఇదా మామయ్యా, మీరు ఇన్నేళ్ళుగా చెబుతున్న ఆట? ఇంత మసకగా ఉండేదా? పాపం, మీ కళ్ళకు అప్పట్లో ఇదే గొప్పగా కనిపించిందేమో!"

మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. వాడి మాటలో ఎగతాళి కన్నా జాలి ఎక్కువగా ఉంది. ఎగతాళినైతే భరించేవాణ్ణి. ఆ జాలిని భరించలేకనే ఈ టపా రాస్తున్నాను.

జరిగిందేమిటంటే, 1996లో మా పెద్దన్నయ్య అమెరికా నుండి తెచ్చిన సూపర్ నింటెండో అటక మీద దొరికింది. దానితోపాటే, మన 230 వోల్టులను తగ్గించి దానికి అందించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరూ దొరికింది. క్యాసెట్టు పెట్టాను. (కార్ట్రిడ్జి అని ఈమధ్యనే నేర్చుకున్నాం గానీ, మన వీధుల్లో దాని పేరు క్యాసెట్టే.) కొత్త టీవీలో పసుపు తీగ దూరే రంధ్రం లేదు. ఊళ్ళో ఒక దుకాణంలో చిన్న నల్ల డబ్బా ఇచ్చారు. ఒకవైపు పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు, రెండోవైపు హెచ్‌డీఎంఐ. పైన బంగారు అక్షరాలతో '1080'. పాత బొమ్మ కొత్త బొమ్మ అయిపోతుందని అభయమిచ్చి పంపారు.

తెర మీద కనిపించినది ఇది. మారియో బొద్దుగా, అడ్డంగా సాగదీసినట్టు ఉన్నాడు. వాడి టోపీలోని ఎరుపు అంచులు దాటి ఆకాశంలోకి పాకింది. గీతల వెంట చీమల బారుల్లా చుక్కలు. మీట నొక్కాక ఒక తృటి ఆలస్యంగా గెంతుతున్నాడు. దెబ్బ తగిలినప్పుడు మిణుకు మిణుకుమనవలసినవాడు కాసేపు పూర్తిగా మాయమయ్యాడు. మేనల్లుడు తీర్పు చెప్పేసి లేచి వెళ్ళాడు.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న ఆ నీలాకాశం, ఆ పచ్చని కొండలు నా కల్పనేనా? చిన్నతనం రంగులద్దిన అబద్ధమా? "జ్ఞాపకాలన్నీ అంతేనోయ్, పాత ఆటలు అసలు అలాగే ఉండేవి" అని మిత్రులు ఓదార్చారు. ఈ ఓదార్పు మీదనే నా యుద్ధం. ఇది తప్పు. అజ్ఞానం వివేకపు వేషం వేసుకున్నప్పుడు మరింత ప్రమాదకరం.

అసలు ఆ యంత్రం ఏమి పంపుతోంది? అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 525 గీతలు. వాటిని రెండు విడతలుగా, విడతకు 262న్నర గీతల చొప్పున గీస్తారు. ఆ అర గీత వల్లనే రెండో విడత గీతలు మొదటి విడత గీతల సందుల్లో పడతాయి. ఆనాటి ఆటల యంత్రాలు ఈ అర గీతను ఎగరగొట్టాయి. విడతకు సరిగ్గా 262 గీతలే పంపాయి. దానితో ప్రతి విడతా అవే వరుసల మీద పడుతుంది. సెకనుకు సుమారు అరవై నిండు బొమ్మలు వస్తాయి. అందులో ఆటకు వాడేది సుమారు 240 వరుసలు. సూపర్ నింటెండో ఆటలు చాలావరకు 256 చుక్కల వెడల్పు, 224 వరుసల ఎత్తు. పిక్చర్ ట్యూబు టీవీకి ఇందులో ఏ తకరారూ లేదు. కిరణాన్ని ఎక్కడికి తిప్పమంటే అక్కడికి తిప్పింది. వరుసల నడుమ మిగిలిన సన్నని చీకటి గీతలే ఆ బొమ్మకు పదునునిచ్చాయి.

ఇప్పటి టీవీకో? 240 వరుసల సంకేతం వస్తే, చాలా టీవీలూ ఈ చౌక డబ్బాలూ దాన్ని రెండు విడతల బొమ్మగా పొరబడతాయి. లేని సగాన్ని ఊహించి, పక్క విడతతో కలిపి కుడతాయి. ఒక విడతలో ఉండి మరు విడతలో లేకుండా మిణుకుమనే మారియో ఆ కుట్టులో ఒక్కోసారి మొత్తంగా నలిగిపోతాడు. కుట్టడానికి విడతలను దాచుకోవాలి గనుక ఆలస్యం. ఆపైన టీవీ తన సొంత సింగారాలు చేస్తుంది గనుక ఇంకా ఆలస్యం. సెకనుకు అరవై బొమ్మలంటే ఒక్కో బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. అలాంటివి నాలుగైదు పోగుపడితే గెంతవలసిన గుంటలోనే పడతాం. అప్పుడు మేనల్లుడు "ఈ ఆట సరిగ్గా పనిచెయ్యదు" అంటాడు.

ఇక పసుపు తీగ. వెలుగునూ రంగునూ ఒకే తీగలో కుక్కి పంపడం దాని పని. రంగును 3.58 మెగాహెర్ట్‌జ్ ఉపవాహకం మీద ఎక్కించి వెలుగులోనే కలిపేస్తారు. అవతల టీవీ విడదీసుకోవాలి. పాలూ నీళ్ళూ కలిపి పంపి ఇంటింటా హంస ఉంటుందని ఆశించడం ఇది. సన్నని వివరాన్ని రంగనుకుంటే ఇంద్రధనుస్సులు. రంగును వివరమనుకుంటే పాకే చుక్కలు. యాంటెన్నా తీగ ఇంకా అధ్వానం, ధ్వనిని కూడా అందులోనే కూరుతుంది. ఎస్-వీడియో వెలుగునూ రంగునూ రెండు తీగల్లో విడిగా పంపుతుంది. ఆర్‌జీబీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను వేటికవే విడిగా పంపి, వాటి వెంట తాళం వేసే సంకేతాన్ని ఇస్తుంది. ఫ్రాన్సులో పుట్టిన 21 పిన్నుల స్కార్ట్ ద్వారా యూరపు ఇళ్ళకు ఈ భాగ్యం దక్కింది.

చోద్యమేమిటంటే, అన్నయ్య తెచ్చిన ఆ సూపర్ నింటెండో వెనుకనున్న ఒకే రంధ్రంలో పసుపు తీగ సంకేతమూ, ఎస్-వీడియో, ఆర్‌జీబీ అన్నీ మొదటినుండీ ఉన్నాయి. మేలిమి బొమ్మ ఆ పెట్టెలోనే కూర్చుని ఉంది. మనం పెట్టెతో వచ్చిన తీగ పెట్టి, అదే దాని సర్వస్వమనుకున్నాం.

ఇది నేను రెండోసారి చేసిన తప్పు. 1996లో మా పాల్ టీవీకి దాన్ని తగిలించినప్పుడు బొమ్మ నిలవక పైకి దొర్లింది. వెనుకనున్న వర్టికల్ హోల్డ్ తిప్పి నిలబెడితే నలుపు తెలుపుల్లో కనిపించింది. యంత్రం చెడిపోయిందని తీర్మానించి మెకానిక్కుకు ఇచ్చాం. ఆయన విప్పి, ఊది, బిగించి, డబ్బులు తీసుకుని, అదే నలుపు తెలుపు బొమ్మను తిరిగి ఇచ్చాడు. రెండు నెలల తరువాత ఎన్‌టీఎస్‌సీ కూడా చూపగల పక్కింటివారి టీవీకి పెడితే ఇంద్రచాపం విరిసింది. పాల్ మాత్రమే తెలిసిన టీవీకి ఎన్‌టీఎస్‌సీ రంగు అర్థం కాదన్న ముక్క మాకెవరూ చెప్పలేదు. నేరం చూపేవాడిది, నింద చూపబడినవాడికి!

ఇక నాకు ఎదురయ్యే వాదనలు.

'అసలైన అనుభవం పసుపు తీగలోనే ఉంది, దాన్ని శుభ్రం చేస్తే చంపేసినట్టే' అనే వర్గం ఒకటి ఉంది. వారిని తోసిపుచ్చను. 1991 నాటి సోనిక్ ఆటలోని జలపాతమే చూడండి. సెగా మెగా డ్రైవ్‌కు పారదర్శకత చూపే వసతి సరిగా లేదు. కళాకారులు నిలువు చారలుగా చుక్కలు పేర్చారు. పసుపు తీగ వాటిని కరిగించి వెనుకనున్న దృశ్యం కనిపించే నీటిగా మార్చింది. ఆర్‌జీబీలో అవి చారలుగానే మిగులుతాయి. ఒప్పుకుంటాను, అక్కడ మసకే కళ. అయితే ఆ కళ పిక్చర్ ట్యూబును నమ్ముకుని చేసినది. పసుపు తీగను నల్ల డబ్బాలోకి పంపి, సాగదీసి, ఆలస్యం చేసి చూపడాన్ని 'అసలైన అనుభవం' అంటే ఆ కళాకారులు ఒప్పుకుంటారా? తీగను పట్టుకుని టీవీని వదిలేసిన ఛాందసం ఇది.

రెండో వాదన, 'డబ్బున్నవారి వ్యసనం'. ఇందులో సగం నిజం. 2023 చివర వచ్చినప్పుడు రెట్రోటింక్ 4కె ధర 750 డాలర్లు. దాన్ని కొనమని ఎవరికీ చెప్పను. కానీ మెట్లున్నాయి. మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు: టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, బొమ్మ కొలతను 4:3కి మార్చండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, కదలికను నునుపుచేసే సింగారాలన్నీ ఆర్పేయండి. 4:3 బొమ్మను 16:9కి లాగితే మూడో వంతు వెడల్పు పెరుగుతుంది. గుండ్రని నాణెం గుడ్డవుతుంది. దాన్ని అలాగే చూస్తూ పాత ఆటలు అందంగా లేవనడం, వంకర అద్దంలో చూసి పెళ్ళికూతురికి వంక పెట్టడమే. రెండో మెట్టు, యంత్రం ఇచ్చేవాటిలో మంచి తీగ. మూడో మెట్టు, 240ని 240గా గుర్తించి గీతలను రెట్టింపు చేసే పరికరం. ఓఎస్‌ఎస్‌సీ అలాంటిది, దాని నిర్మాణమంతా బహిరంగంగా పంచిపెట్టారు. బొమ్మను దాచుకోకుండా వచ్చిన గీతను వచ్చినట్టే పెంచి పంపుతుంది గనుక దాని ఆలస్యం లెక్కలోనిది కాదు. అదీ బరువనుకుంటే జీబీఎస్-8200 అనే చౌక బోర్డు ఉంది. దానికి ఈఎస్‌పీ8266 చిప్పు అతికించి, జీబీఎస్-కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే పనితనమే మారిపోతుంది. సోల్డరింగు తెలిసిన కుర్రవాడు చాలు. ఇటువంటివి మనకు పరాయివి కావు. ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా చేసి పంచిన పనిముట్లతోనే కదా మనమూ తెలుగు రాసుకున్నది!

'ఎమ్యులేటరు ఉండగా ఈ తంటా దేనికి?' అనేవారితో నాకు పేచీ లేదు. మంచి ఎమ్యులేటరు మంచి బొమ్మనే చూపుతుంది. అటక మీద యంత్రం లేనివారికి అదే దారి. ఉన్నవారు మాత్రం దాన్ని చెత్త తీగతో అవమానించి, ఆపైన పారేయవద్దని నా మనవి.

పారేయడమంటే గుర్తొచ్చింది. మా 21 అంగుళాల డబ్బా టీవీని నేనే పాత సామాన్ల బండికి ఎత్తించాను. దాని వెనుక డీవీడీ కోసమని ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపొనెంట్ రంధ్రాలు ఉన్న సంగతి అప్పుడు పట్టించుకోలేదు. ఆర్‌జీబీని కాంపొనెంటుగా మార్చే చిన్న పరికరముంటే అదే ఈ ఆటలకు స్వర్గం అయ్యేది. ఏ ఖరీదైన యంత్రమూ దానికి సరిరాని పని ఒకటుంది. బాతుల వేట ఆటలోని తుపాకీ తలచుకోండి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును అదే క్షణంలో పట్టాలి. కొత్త తెర ఆ వెలుగును ఆలస్యంగా ఇస్తుంది, ట్యూబులా మెరిపించదు. అందుకే ఆ తుపాకీ కొత్త టీవీల ముందు మూగది. తుపాకీ చెడిపోయిందని పారేసినవారు ఎందరో! మీ ఇంట్లో ఇంకా ట్యూబు టీవీ ఉంటే దయచేసి అమ్మకండి. తెలియకుండా విప్పనూ వద్దు, లోపల ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

ఇప్పుడు, బ్లాగు మిత్రులారా, మీతో సూటిగా ఒక మాట. యూనికోడ్ తొలినాళ్ళు మరచిపోయారా? విండోస్ 98లో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి. కొన్నిచోట్ల వత్తు అక్షరం కింద కాక పక్కన కూర్చునేది. "కంప్యూటర్లో తెలుగు ఇంతే, చూడలేం" అని పెద్దలు పెదవి విరిచినప్పుడు మనమేమన్నాం? లిపిలో లోపం లేదు, చూపే యంత్రానికి తెలుగు రాదు, పోతన ఖతి దించుకోండి, సెట్టింగు మార్చుకోండి అని ఓపికగా ఇంటింటికీ చెప్పాం. డబ్బాలు చూసి తెలుగు లిపి నలుచదరమని ఎవరైనా అంటే ఊరుకున్నామా? అదే మనం, ఒక పాత ఆట మసకగా కనిపించగానే "అప్పటివి అంతే" అని తలూపుతున్నాం. చూపే సాధనం చేసిన తప్పును చూడబడే వస్తువుకు అంటగట్టడం అక్షరం విషయంలో అన్యాయమైతే, ఆట విషయంలో న్యాయమెలా అయింది?

పాత ఆటలన్నీ గొప్పవని నేననడం లేదు. ఆ యంత్రాలకు సొంత లోపాలూ ఉన్నాయి. అరవై హెర్ట్‌జ్‌కు రాసిన ఆటలను మార్పులు లేకుండా పాల్ దేశాలకు పంపినప్పుడు యాభైకి కుదించుకుని ఆరో వంతు నెమ్మదిగా నడిచాయి. ఆ తప్పును ఏ తీగా దిద్దలేదు. తీర్పు చెప్పండి, తప్పకుండా చెప్పండి. సాక్షి నోట్లోంచి గుడ్డ తీసి ఆ తరువాత చెప్పండి.

నెల తరువాత స్కార్ట్ తీగా, అప్పు తెచ్చుకున్న ఓఎస్‌ఎస్‌సీ అమర్చి, 4:3 పెట్టి, మేనల్లుణ్ణి పిలవకుండానే ఆడుకోవడం మొదలుపెట్టాను. ఆకాశం ఆకాశంలా ఉంది. టోపీ ఎరుపు టోపీలోనే ఆగింది. వాడు నీళ్ళ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గ్లాసు చేతిలోనే ఉంది. "ఇది వేరే ఆటా మామయ్యా?" అన్నాడు.

"అదే ఆట," అన్నాను. రెండో మీటల పెట్టె వాడి చేతికిచ్చాను.