ఆఫర్ లెటర్‌లో కనిపించని లెక్క

క్యాంపస్ సెలక్షన్లు మొదలయ్యాయంటే మన వైపు ఏ ఊరెళ్లినా పలకరింపు ఒక్కటే. "ఏటి బాబూ, ఉజ్జోగం వచ్చిందా? ఎంతిస్తారేటి?" ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఇదే ప్రశ్న. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి కొడుకునో కూతురినో ఇంజినీరింగ్ చదివించిన ఇంట్లో, అది ఎప్పుడు తిరిగొస్తుందో తెలుసుకోవాలని ఉండదా? అందుకే ముందే చెప్పేస్తున్నా. డబ్బు ముఖ్యం కాదని మీకు నచ్చజెప్పడానికి ఇది రాయడం లేదు. అమీర్‌పేట హాస్టల్లో బెడ్డుకి అద్దె ఎలా కట్టాలా అని లెక్కలు వేసుకుంటున్న కుర్రాడికి 'ఉన్నదాంతో తృప్తిపడు నాయనా' అని చెప్పడం చాలా సులువు. చెప్పేవాడి కడుపు నిండి ఉంటే మరీ సులువు.

నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ తర్వాతి సంగతి. టెక్నాలజీ మీద రాస్తుంటాను కాబట్టి నాకు రెండు రకాల మెసేజ్‌లు వస్తుంటాయి. చదువుతున్నవాళ్లవి మొదటి రకం: 'అన్నా, ఏ కోర్సు చేస్తే ఎంత ప్యాకేజీ?' ఉద్యోగంలో చేరి రెండుమూడేళ్లయిన వాళ్లవి రెండో రకం: 'అంతా బాగానే ఉందన్నా, కానీ ఏదో వెలితి.' మొదటి ప్రశ్నకు జవాబులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. రెండోదానికి చాలామంది తమకు తాము చెప్పుకునే జవాబు 'ఇంకో హైక్ వస్తే సర్దుకుంటుంది' అని. నిజమే, సర్దుకుంటుంది. కొన్నాళ్లు.

1978లో అమెరికాలో కొందరు సైకాలజిస్టులు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, గెలవని మరో 22 మందితో పోల్చి చూశారు. సంతోషం విషయంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దున్న టిఫిను లాంటి రోజువారీ విషయాల్లో గెలిచినవాళ్లకు దొరికే ఆనందమే తక్కువని తేలింది. అది చిన్న సర్వే, దాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. 2023లో డేనియల్ కానెమన్, మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, బార్బరా మెల్లర్స్ ఇంకా పెద్ద లెక్కలతో వేరే మాట చెప్పారు. ఆదాయం పెరిగేకొద్దీ ఎక్కువమందికి సంతోషమూ పెరుగుతూనే ఉందట. బాగా దిగులులో ఉన్నవాళ్లకు మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు పెద్దగా పనిచెయ్యడం లేదట. నాకు అర్థమైనంతలో దీని సారం ఇది: డబ్బు లేక వచ్చిన బాధను డబ్బు తీరుస్తుంది, ఇంకో కారణంతో వచ్చిన వెలితిని తీర్చలేదు. ఆ ఇంకో కారణాల్లో ఒకటి, మనం ఒంటరిగా కష్టపడి పైకొచ్చామన్న భ్రమ అని నేను గట్టిగా నమ్ముతాను.

'కృతజ్ఞత' అనే మాటను మనం కాలేజీ ఫంక్షన్లో చివర వచ్చే వందన సమర్పణకి వదిలేశాం. ఒక్కసారి విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. తనకోసం ఎవరేం చేశారో తెలిసి ఉండటమే కృతజ్ఞత. అంటే ముందు అదొక తెలివిడి, ఆ తర్వాతే ఫీలింగు. ఎవరెవరు ఏం చేస్తే నేను ఇక్కడిదాకా వచ్చాను అన్న సమాచారం మన దగ్గర ఉందా, లేదా? మనం ఒక యాప్ ఇన్‌స్టాల్ చేస్తే దాని వెనకాల ఎవరెవరో రాసిపెట్టిన లైబ్రరీలు ఎన్ని లోడవుతాయో సీఎస్‌ఈ వాళ్లకి తెలుసు. మన జీవితానికి ఆ డిపెండెన్సీల లిస్టు మాత్రం ఎప్పుడూ తీసి చూడం.

తీస్తే అందులో ఎవరుంటారు? అమ్మానాన్న సరే, అందరూ చెప్పేదే. కానీ వాళ్ల కష్టం కూడా మనకు తెలిసింది పైపైనే. పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు ఒలిచే ఆడవాళ్ల చేతులు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? జీడి చమురు తగిలి చర్మం నల్లబడిపోయి ఉంటుంది. మీలో కొందరి సెమిస్టర్ ఫీజు ఆ చేతుల్లోంచే వచ్చింది. గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోటెక్కే మన తీరం మత్స్యకారుల గురించి 2018లో దేశమంతా విన్నది. ఆ ఏడాది వేటలో పాకిస్తాన్‌కి చిక్కినవాళ్లు 2020 జనవరికి గానీ బయటపడలేదు. అలాంటి ఇళ్ల నుంచీ పిల్లలు కాలేజీలకు వస్తున్నారు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. దాంతో చదివినవాళ్లు ఈ పేజీ చదివేవారిలో చాలామందే ఉంటారు. అందుకు మనం థ్యాంక్స్ చెప్పాల్సింది ఏ పార్టీకీ కాదు (ఆ ఫ్లెక్సీలు మనం కట్టకపోయినా వాళ్లే కట్టుకుంటారు). సబ్బుబిళ్ల కొన్నప్పుడు, బండికి పెట్రోలు పోయించుకున్నప్పుడు పన్ను కట్టిన ప్రతి మనిషీ ఆ ఫీజులో ఇంత వేశాడు. తన పిల్లల్ని ఇంటర్ కూడా దాటించలేకపోయినవాడి డబ్బూ అందులో ఉంది.

ఇంకొంచెం ముందుకెళ్తే లిస్టు ఇబ్బంది పెట్టడం మొదలవుతుంది. 2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలిపనికి వెళ్లినవాళ్లు ఉన్నారు. చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో రేపు మీరు కూర్చోబోయే ఏసీ ఫ్లోరుకు, నలుగురు కలిసి అద్దెకు దిగబోయే ఫ్లాటుకు సిమెంటు మోసినవాళ్లలో మీ పక్క ఊరి మనిషి ఉండే అవకాశం తక్కువేం కాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఇద్దరూ ఎక్కేది ఒకే రైలు. ఒకరి దగ్గర ల్యాప్‌టాప్ బ్యాగు, ఇంకొకరి దగ్గర మూటాముల్లె. ఈ సంగతి తెలిశాక మనసు హాయిగా ఏమీ ఉండదు. ఉండనక్కర్లేదు కూడా.

సరే, తెలిసింది. తర్వాతేంటి? ఈ లిస్టులో సగం మందికి మనం నేరుగా తిరిగి ఏమీ ఇవ్వలేం, వాళ్లెవరో కూడా తెలీదు. దీనికి చేతల్లో జవాబు చూపించిన మనిషి మన గడ్డ మీదే పుట్టారు.

గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం కాబట్టి పేరు అందరికీ తెలుసు. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఒక మార్కు బిట్టుగా ఇంకా బాగా తెలుసు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడే ఆయనకు తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి టీచరుగా చేరారు. అప్పటి ఫ్రెషర్ ప్యాకేజీ అనుకోండి.

మన పాతపట్నం దాటగానే వచ్చే ఆ పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషలో పుస్తకం లేదు, బడి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని గిడుగు ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, తనకొద్దని, ఆ సొమ్ముతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమని కోరారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. భాషను చెవితో పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి! అయినా ఆగలేదు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో, సవర–ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు.

దీన్ని త్యాగం అనడం నాకు ఇష్టం ఉండదు. త్యాగం అంటే ఏదో పోగొట్టుకుని బాధపడినట్టు ఉంటుంది. 75 ఏళ్ల వయసులో కూడా చేతిలో పూర్తిచెయ్యాల్సిన పని ఉండటం, ఆ పని ఎవరికి ఉపయోగమో వాళ్ల ముఖాలు తెలిసి ఉండటం, ఈ రెండూ దొరకడం ఎంత అదృష్టమో వెలితి గురించి మెసేజ్ పెట్టేవాళ్లను అడగండి. మేనమామ ఇంటి అన్నం తిని చదువుకున్న పిల్లాడు, ఏ చుట్టరికమూ లేని పిల్లలకు బడి పెట్టాడు. మేలు ఒకచోట అందింది, ఇంకోచోటికి వెళ్లింది.

విజయనగరం వీధులకు ఇంకో కథ తెలుసు. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, తండ్రి పోయాక, వేలి ఉంగరం అమ్ముకుని సంగీతం నేర్చుకోవడానికి ఇక్కడికి వచ్చారు. మహారాజా సంగీత కళాశాలకు అప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాల్. పట్రాయని సీతారామశాస్త్రి గాత్రం నేర్పే గురువు. చదువు దొరికింది గానీ తిండి లేదు. మధుకరం ఎత్తారు, అంటే జోలె పట్టుకుని ఇంటింటికీ తిరిగి అన్నం అడిగి తెచ్చుకున్నారు. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ల పేర్లు మనకు తెలీవు. ఈ కుర్రాడు రేపు అంత గాయకుడు అవుతాడని వాళ్లకూ తెలీదు. తెలిసి వేసి ఉంటే దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అనేవాళ్లం. తర్వాత మద్రాసులో ఘంటసాల సినిమా సంగీతం చేస్తున్న రోజుల్లో ఆయన పక్కన ఏళ్ల తరబడి సహాయకుడిగా పనిచేసింది ఎవరనుకున్నారు? ఆ గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. కృతజ్ఞత పేరు చెప్పి మిమ్మల్ని తొక్కేసేవాళ్లు తగులుతారు. 'ఫ్రెషర్‌కి ఉద్యోగం ఇచ్చాం, దానికే కృతజ్ఞతగా ఉండాలి' అంటూ శని, ఆదివారాలు ఊరికే పనిచేయించుకునే మేనేజర్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కుని బాండు మీద సంతకం పెట్టించుకునే చిన్న కంపెనీలు కొత్తేమీ కాదు. జీతం అనేది కంపెనీ మీ జోలెలో వేసే మధుకరం కాదు. మీ పనికి కట్టే ధర. బేరం ఆడండి, తక్కువిస్తే అడగండి, బాగోకపోతే మానేయండి. ఇంట్లోవాళ్లు 'నీకోసం ఇంత చేశాం' అని మీకిష్టంలేని దారిలోకి నెట్టినా అంతే. చేసిన మేలు తెలిసి ఉండటం వేరు, జీవితాంతం ఈఎంఐ కట్టడం వేరు.

మరి ఈ లిస్టు రాస్తే నిజంగా ఏమైనా మారుతుందా? 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కలఫ్ అచ్చువేసిన పరిశోధనలో కాలేజీ విద్యార్థులతో పది వారాల పాటు, వారానికోసారి రాయించారు. కొందరు కృతజ్ఞత కలిగించిన విషయాలు ఐదు దాకా రాశారు, కొందరు చిరాకు పెట్టినవి రాశారు. మొదటి గుంపువాళ్లు తమ జీవితం మొత్తం మీద ఎక్కువ తృప్తిగా ఉన్నామని, వచ్చే వారం బాగుంటుందని చెప్పారు. వాళ్లకేమీ ప్యాకేజీ పెరగలేదు. నేనైతే దాన్ని కొద్దిగా మార్చమంటాను. 'మంచి ఆరోగ్యం', 'మంచి ఫ్రెండ్స్' లాంటి గుండుగుత్త మాటలు వద్దు. మనుషుల పేర్లు రాయండి, పక్కన వాళ్లు చేసిన పని రాయండి. ల్యాబ్ టైం అయిపోయినా తాళం వెయ్యకుండా ఇంకో గంట ఆగిన అటెండర్. మెస్ బిల్లు ఆలస్యమైనా అన్నం ఆపని వంటావిడ. బ్యాక్‌లాగ్ పరీక్ష ముందురోజు రాత్రి ఫోన్లో యూనిట్ మొత్తం చెప్పిన సీనియర్. పేరు గుర్తు రాకపోతే కనుక్కోండి. అసలు పని అక్కడే ఉంది.

ఉద్యోగం ఇంకా రాలేదని మొహం చాటేసుకుని తిరుగుతున్నవాళ్లకు ఇది మరీ పనికొస్తుంది. మీ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదనుకోకండి. పదో తరగతి అయ్యాక పాలిటెక్నికా, ఇంటరా, ట్రిపుల్ ఐటీకి ఎలా అప్లై చెయ్యాలి అని అడగడానికి ఇంట్లో మనిషి లేని పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. డ్రైవ్‌కీ డ్రైవ్‌కీ మధ్య ఖాళీ ఆదివారాల్లో వాళ్లకు మీరే గిడుగు. రూపాయి ఖర్చు లేదు.

సంక్రాంతికో, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికో ఊరొస్తారు కదా. లిస్టులో మొదటి పేరు మీ హైస్కూలు లెక్కల మాస్టారిదో, తెలుగు టీచరమ్మదో అయితే ఒకసారి ఇంటికెళ్లి రండి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, వాళ్లు కూడా మొదట అడిగేది 'ఉజ్జోగం వచ్చిందా, ఎంతిస్తారేటి' అనే. వచ్చినా రాకపోయినా ఉన్నది చెప్పేయండి. తర్వాత మీరు చెప్పడానికి వెళ్లింది చెప్పండి.