ధర వేరు, విలువ వేరు

మస్కట్‌లో ఐపీఎల్ సాయంత్రం ఆరింటికే మొదలవుతుంది. వాదనలు అంతకన్నా ముందే మొదలవుతాయి. వాటిలో తరచుగా వినపడే మాటలు రెండు: "వాడికి అన్ని కోట్లు దండగ", "ఫలానావాణ్ణి వదులుకుని నిండా మునిగారు". ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకటే అపోహ: ధర, విలువ ఒకటే అనుకోవడం.

2023 డిసెంబరు వేలం చూడండి. కోల్‌కతా స్టార్క్‌ని 24.75 కోట్లకు కొంది. అదే రోజు మన సన్‌రైజర్స్‌కి ట్రావిస్ హెడ్ 6.8 కోట్లకే దొరికాడు. అంటే స్టార్క్ అతనికన్నా మూడున్నర రెట్లు గొప్పవాడనా? కాదు. ఆఖరి దాకా చెయ్యి దించని ఇద్దరి దగ్గర మిగిలిన డబ్బు, వాళ్ళ జట్లలో ఉన్న ఖాళీ కలిసి తేల్చిన అంకె అది. తర్వాత ఆ స్టార్కే క్వాలిఫయర్‌లోనూ ఫైనల్లోనూ మన పుట్టి ముంచాడు.

ఇక మార్పిడి సంగతి. 2018 చివర్లో హైదరాబాద్ ధావన్‌ని ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకుంది. ధావన్ 2019లో 521, 2020లో 618 పరుగులు చేశాడు. మనవాళ్ళు తిట్టని తిట్టు లేదు. అప్పటికి 55 లక్షల కుర్రాడైన అభిషేక్, 2025లో ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. మరి ఎవరు మోసపోయారు? ఎవరూ కాదు. ఢిల్లీకి ఆ రోజుకి పరుగులు కావాలి, దొరికాయి. పైగా 2022 వేలంలో అభిషేక్‌ని హైదరాబాద్ మళ్ళీ 6.5 కోట్లు పెట్టి కొనుక్కుంది. ఆటగాడు ఎన్నేళ్ళు మన చేతిలో ఉంటాడన్నదీ లెక్కలోకి రావాలి.

ఒమన్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. 2021కి ముందు పాత యజమాని ఎన్‌ఓసీ ఇవ్వకపోతే రెండేళ్ళు ఇక్కడ ఇంకోచోట చేరే వీల్లేదు. అదే వెల్డరు, అవే చేతులు. కాగితం ఉంటే బేరమాడగలడు, లేకపోతే ఇచ్చింది పుచ్చుకోవాలి. ఆ జీతం చూసి ఎవరైనా అతని పనితనాన్ని తూస్తే మనం ఊరుకుంటామా?

జట్టు మారినందుకు 2024లో హార్దిక్ పాండ్యాని స్టేడియాలకి స్టేడియాలే గేలి చేశాయి. కంపెనీ మారి, నాలుగు రియాళ్ళు ఎక్కువ తెచ్చుకునే మనం ఆ గోలలో గొంతు కలపడం మాత్రం నాకు మింగుడుపడదు.