ఇరుసు ఎత్తే మీట ఎక్కడున్నా, అధిక బరువు నేరం ఎవరిది?



అమెరికా దేశపు రాష్ట్రాలలో చాలాకాలంగా ఒక చిత్రమైన వివాదం నడుస్తున్నది. భారీ లారీకి అదనంగా అమర్చిన ఇరుసును పైకెత్తే మీట డ్రైవరు కూర్చునే క్యాబిన్‌లో ఉండవచ్చునా, లేక అతని చేతికి అందకుండా వెలుపల, చట్రం పక్కన ఉండవలెనా అన్నదే ఆ వివాదం. రైల్వేలోను, తపాలాలోను పనిచేసే మనకు ఈ లారీల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఒక ఇరుసు మీద ఎంత బరువు పడవలెనో ఎవరు నిర్ణయిస్తారు, దానివల్ల లాభం ఎవరికి, శిక్ష ఎవరికి అన్న ప్రశ్న మన గూడ్స్ షెడ్డులోను ఉన్నది, ఆర్.ఎం.ఎస్. కార్యాలయం ముందు ఆగే కాంట్రాక్టు లారీలోను ఉన్నది. అందువల్లనే ఈ నాలుగు మాటలు.

ముందు యంత్రం సంగతి తెలుసుకొందాము. మన జాతీయ రహదారుల మీద పన్నెండు, పద్నాలుగు చక్రాల లారీలు ఖాళీగా పోతున్నపుడు ఒక జత చక్రాలు నేలకు తగలక గాలిలో తేలుతూ ఉండుట మీరు చూచియే ఉంటారు. అదే లిఫ్ట్ యాక్సిల్. బండి ఖాళీగా ఉన్నపుడు ఎత్తివేస్తే టైర్లు అరగవు, డీజిల్ కలిసివస్తుంది. సరుకు ఎక్కిన తరువాత దానిని దించవలెను. అయితే దించుట అనగా చక్రాన్ని నేలకు తాకించుట మాత్రమే కాదు. గాలి సంచులలోనికి ఎంత ఒత్తిడితో గాలి పంపితే ఆ ఇరుసు అంత బరువు మోస్తుంది. ఒత్తిడి చాలకపోతే చక్రాలు నేలను ముట్టుకొని ఊరకే దొర్లుతాయి. బరువంతా మిగిలిన వెనుక ఇరుసుల మీదనే పడుతుంది. ఒత్తిడి మించితే ఇంజను తిప్పే చక్రాల మీద బరువు తగ్గి, తడి రోడ్డు మీద, ఎత్తు ఎక్కేచోట అవి పట్టు తప్పి జారుతాయి. కనుక అక్కడ ఉన్నవి రెండు పనులు: ఎత్తుట, దించుట ఒకటి, ఒత్తిడిని నిర్ణయించుట మరొకటి. ఈ రెండింటిని కలగాపులగం చేయుటలోనే సగం అన్యాయం దాగి ఉన్నది.

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర రహదారులపై ఒంటి ఇరుసుకు 20,000 పౌనులు, జంట ఇరుసులకు 34,000 పౌనులు, మొత్తం బండికి 80,000 పౌనులు, అనగా సుమారు 36 టన్నులు, సాధారణ పరిమితి. ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి వంతెనల రక్షణకు వేరే లెక్క ఉన్నది. ఈ పరిమితులలో ఒకే బండి మీద ఎక్కువ సరుకు వేయవలెనంటే ఇరుసుల సంఖ్య పెంచుటే మార్గం. కాంక్రీటు లారీలు, ఇసుక లారీలు లిఫ్ట్ యాక్సిల్ తగిలించుకొనుట అందుకే. మీట విషయంలో మాత్రం రాష్ట్రానికొక నియమం. కొన్ని రాష్ట్రాలు మీటలన్నీ క్యాబిన్ వెలుపలనే ఉండవలెనన్నవి. మరికొన్ని, ఎత్తే దించే స్విచ్చి లోపల ఉండవచ్చును గాని ఒత్తిడి రెగ్యులేటరు మాత్రం వెలుపలనే ఉండవలెనన్నవి. మినెసోటా చట్టం ఒత్తిడిని ముందుగానే స్థిరపరచవలెననీ, సరుకు రవాణాలో ఉండగా డ్రైవరు దానిని మార్చరాదనీ, అతని చేతిలోని మీట కేవలం ఆన్, ఆఫ్ స్విచ్చిగా మాత్రమే పనిచేయవలెననీ చెప్పుచున్నది.

ఈ నియమాల వెనుక ఉన్న అనుమానం స్పష్టమే. డ్రైవరు కాటా దగ్గర ఇరుసు దించి, కాటా దాటగానే ఎత్తివేస్తాడట. ఇది పూర్తిగా అబద్ధమని నేను అనను. అట్లా చేసేవారు ఉన్నారు. రోడ్డుకు జరిగే నష్టమూ అబద్ధం కాదు. 1958 నుండి 1960 వరకు ఇల్లినాయి రాష్ట్రంలోని ఒటావా పట్టణం వద్ద జరిపిన రోడ్డు పరీక్షలలో తేలినదేమనగా, ఇరుసు మీది బరువు పెరిగితే రోడ్డు నష్టం దాదాపు ఆ పెరుగుదల నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. కావున ఒత్తిడి రెగ్యులేటరుకు సీలు వేసి వెలుపల ఉంచుటను మనం వ్యతిరేకించము. ఒక లోడుకు తగిన ఒత్తిడి ఎంత అన్నది కొలతను బట్టి తేలవలసిన విషయం, అర్ధరాత్రి ఎవరి తొందరను బట్టో తేలవలసినది కాదు.

అయితే ఎత్తే దించే స్విచ్చిని కూడ వెలుపల పెట్టినపుడు ఏమి జరుగుతుంది? తిరగని చక్రాలు గల ఆ ఇరుసు దిగి ఉండగా ఇరుకు మలుపు తిప్పితే టైర్లు నేలను గీరుకొంటాయి, బండి తిన్నగా పోవుటకే మొరాయిస్తుంది. బురదలో చక్రాలు జారినపుడు ఇరుసును క్షణంపాటు ఎత్తితే బండి కదులుతుంది. అటువంటి సమయంలో డ్రైవరు క్యాబిన్ నుండి దిగి, వానలో, చీకటిలో, పక్కనుండి బండ్లు దూసుకుపోతుండగా, చట్రం వద్ద నిలబడి మీట తిప్పి మరల ఎక్కవలెను. నియమం వ్రాసిన మహాశయుడు ఆ పని ఒక్కసారి స్వయంగా చేసి చూచినాడా? రోడ్డును రక్షించే నియమం రోడ్డు మీద నిలబడిన మనిషిని లెక్కలోనికి తీసుకొనలేదు.

ఇంకొక ప్రశ్న. ఆ డ్రైవరు ఇరుసు ఎందుకు ఎత్తుతాడు? అరగకుండా మిగిలే టైరు, ఎక్కువ సందర్భాలలో, అతని సొత్తు కాదు. అధికంగా ఎక్కిన సరుకు మీది కిరాయి అతని జేబులోనికి రాదు. అమెరికాలో దూరప్రాంత లారీ డ్రైవర్లకు మైలుకు ఇంత అని వేతనమిచ్చుట వాడుక. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టంలోని ఓవర్‌టైము హక్కు నుండి అంతర్రాష్ట్ర డ్రైవర్లను చాలవరకు మినహాయించినారు. ఆగితే కూలి పోతుంది. అట్టివాని చేతి నుండి మీటను దూరం చేయుటకు అన్ని నియమాలు వ్రాసినవారు, బండి నింపించినవాని చేతికి ఎన్ని సంకెళ్ళు వేసినారు? అయినను అక్కడ ఒక మంచి నిబంధన ఉన్నదని చెప్పక తప్పదు. భద్రతా నియమాలకు విరుద్ధమైన బండిని నడుపనని నిరాకరించిన డ్రైవరును తొలగించరాదని, శిక్షించరాదని 1982 నాటి ఉపరితల రవాణా చట్టం రక్షణ కల్పించినది.

ఇక మన దేశం. ఇక్కడ అధిక బరువుకు రాష్ట్ర ప్రభుత్వాలే రుసుము తీసుకొని అనుమతి పత్రాలు ఇచ్చిన రోజులున్నవి. 2005 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదన్నది. జరిమానా కట్టినంత మాత్రాన అధిక బరువుతో ముందుకు పోయే హక్కు రాదని, మించిన సరుకును దించవలసినదేనని తీర్పు చెప్పినది. 2018 జూలై 16న కేంద్ర ప్రభుత్వం పరిమితినే పెంచివేసినది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులుండగా 11.5 టన్నులైనది. నాలుగవ ఘాతం లెక్క వేసి చూడండి: నిండు లోడుతో పోయే ఇరుసు రోడ్డుకు చేసే నష్టం అంతకు ముందున్న దానికి ఒకటిన్నర రెట్లు దాటినది. నిన్నటి నేరం కలం పోటుతో నేడు న్యాయమైనది. 2019 సవరణ ద్వారా అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. చట్టంలో ‘నడిపినవారు, నడిపించినవారు, నడుపనిచ్చినవారు’ అని అందరూ ఉన్నారు. రోడ్డు మీద పట్టుబడేవాడు మాత్రం నడిపినవాడే.

1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షనులో ఒక వింత ఉన్నది. డ్రైవరు యజమాని కానపుడు నేరం యజమానికి తెలిసియే, లేక అతని ఆజ్ఞపైననే జరిగినదని కోర్టు భావించవచ్చునని నాలుగవ ఉపసెక్షను చెప్పుచున్నది. చాలా బాగున్నది. కాని అది వర్తించేది టైర్ల విషయానికి, ఖాళీ బండి బరువు విషయానికి. సరుకుతో కూడిన బరువు మించుట అన్న అసలు నేరాన్ని, అదే సెక్షనులో పక్క వాక్యంలోనే ఉన్నదానిని, ఆ భావన తాకకుండా వదలివేసినది! సరుకు నింపించినది యజమానికి తెలియదు కాబోలు. రాత్రికి రాత్రి దానంతట అదే బండి ఎక్కినది కాబోలు.

కొన్నేళ్ళ క్రితం ఒక జిల్లా కేంద్రంలో శాఖా సమావేశం ముగిసి బయటకు వచ్చినపుడు, పార్సిళ్ళు తెచ్చే కాంట్రాక్టు లారీ డ్రైవరు ఒకరు నాతో అన్న మాట మరపునకు రాదు. “కాటా చీటీ నాకు చూపించరు సార్. జరిమానా రసీదు మాత్రం నా చేతికే ఇస్తారు.” ఆ నెల జీతంలో కోత ఎంత పడినదో కూడ చెప్పినాడు. అతనికి మన సంఘంలో సభ్యత్వం లేదు. మన సంచులు మోసేవాడే అయినా మనవాడు కాడని మనమే అనుకొంటున్నాము. దీని గురించి కూడ సిగ్గుపడవలసి ఉన్నది.

అధిక బరువుకు నింపినవానిని పట్టుకొనే చట్టం సాధ్యం కాదనేవారికి రైల్వే కార్మికులు సమాధానం చెప్పగలరు. 1989 రైల్వే చట్టం 73వ సెక్షను ప్రకారం వ్యాగనులో సామర్థ్యానికి మించి సరుకు వేస్తే దండన రుసుము సరుకు పంపినవారి నుండి, అందుకొనేవారి నుండి, సరుకు అప్పగించకముందే వసూలు చేయవచ్చును. లోకో పైలట్ జీతం నుండి కాదు, గార్డు జీతం నుండి కాదు. పట్టాల మీద సాధ్యమైనది తారు రోడ్డు మీద ఎందుకు సాధ్యం కాదు?

రైల్వే యాజమాన్యాన్ని పొగడుచున్నానని అనుకోవద్దు. 2005 నుండి వ్యాగన్ల సామర్థ్యం మీద 6 టన్నులు, 8 టన్నులు అదనంగా వేయించి, 20.32 టన్నుల ఇరుసు బరువును 22 టన్నులు దాటించినది ఈ యాజమాన్యమే. ఆ సంవత్సరాల లాభాల కథ మేనేజిమెంటు విద్యాలయాలలో పాఠమైనది. వేకువనే సుత్తి, స్పానరు పట్టుకొని ఆ పట్టాల వెంట నడచి, పగులు కోసం వెదకిన కీమన్ ఏ పాఠంలోనూ లేడు. తాను వేసిన బరువుకు తానే రుసుము కట్టుకొనే సెక్షను ఏదీ బోర్డుకు వర్తించదు గదా.

కాబట్టి మన సమాఖ్య రవాణా కార్మిక సంఘాలతో కలిసి అడుగవలసినది ఇది. లిఫ్ట్ యాక్సిల్ ఒత్తిడి రెగ్యులేటరుకు సీలు ఉండనీయండి. లోడు ఎక్కగానే ఇరుసు తనంతట తానే దిగే ఏర్పాటు ఉండవలెను. మలుపులో, బురదలో తాత్కాలికంగా ఎత్తే స్విచ్చి డ్రైవరు చేతిలోనే ఉండవలెను. 113వ సెక్షనులోని భావనను సరుకు బరువుకు కూడ విస్తరింపజేయవలెను. పరిమితి మించిన బండిని కదపనన్న డ్రైవరుకు ఉద్యోగ రక్షణ ఇవ్వవలెను. పార్లమెంటు వినేవరకు చేతులు కట్టుకొని కూర్చొనవలసిన పని లేదు. కాంట్రాక్టు లారీ లోడయ్యే ప్రతి ఆర్.ఎం.ఎస్. కార్యాలయంలోను, ప్రతి గూడ్స్ షెడ్డులోను బరువు చీటీ రెండు ప్రతులుగా వ్రాయించి, కాంట్రాక్టరు చేత సంతకం చేయించి, ఒక ప్రతి బండి కదలకముందే డ్రైవరుకు ఇప్పించవలెనని మన శాఖలు ఈ నెలలోనే తీర్మానించి అధికారులకు పంపవలెను. తీర్మానాల ప్రతులను కేంద్ర కార్యాలయానికి కూడ పంపగోరుచున్నాను.