హెచ్చరిక వెనక పేజీ



1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోసం 'లింట్' రాశాక, ప్రోగ్రామ్ నడవకముందే తప్పులు పట్టే పనిముట్లు ఎన్నో వచ్చాయి. కానీ తెర మీద కనిపించే హెచ్చరిక ఒక్క వాక్యమే. ఎందుకన్నది చెప్పేది డాక్యుమెంటేషన్ పేజీ. ఈ సంచికంతా ఆ పేజీలను సరిచూసేవాళ్ల గురించే.

డాట్‌నెట్‌లో సీఏ2100 నియమాన్నే చూడండి. బయటి నుంచి వచ్చిన మాటలను అతికించి ఎస్‌క్యూఎల్ క్వెరీ కడితే అది హెచ్చరిస్తుంది. దాని పేజీలో కారణం, సరిదిద్దే తీరు, హెచ్చరికను ఎప్పుడు పక్కన పెట్టవచ్చన్న వివరం ఉంటాయి. మా దృష్టిలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది ఈ చివరిదే. అక్కడ ఒక్క 'కూడదు' జారిపోయినా డేటాబేస్ తలుపులు బార్లా తెరిచినట్టే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలలో కోడింగ్ నేర్చుకుంటున్న పిల్లల్లో చాలామందికి సందేహం వస్తే అడగడానికి పక్కన అనుభవజ్ఞులు ఉండరు. వాళ్లకు ఆ పేజీయే గురువు. పైగా ఇప్పుడు కృత్రిమ మేధ చిటికెలో కోడ్ రాసిస్తోంది. ఆ కోడ్ సరైనదో కాదో తేల్చుకోవాలంటే నియమం అర్థం కావాలి.

ఓపెన్ సోర్స్‌లో ఉన్న ఇలాంటి పేజీలకు మార్పు సూచించడానికి చాలాచోట్ల గిట్‌హబ్ ఖాతా ఉంటే చాలు. ముందు పేజీలోని ఉదాహరణను మీ కంప్యూటర్‌లో నడపండి. చెప్పిన హెచ్చరిక రాకపోతే, ఆ సంగతే రాసి పంపండి.