కోడూరు దాకా వచ్చి సముద్రం ఒక్కటే చూసి పోతారా?

అమెరికాలో వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆ మధ్య అలాస్కా యాత్ర చేసి వచ్చి, బొత్తెడు ఫొటోలు పంపించాడు. సీవర్డ్ అని సముద్రపుటొడ్డు పట్నం. వెనక మంచుకొండలు, ఆ కొండల నడుమ నుంచి గడ్డకట్టిన యేరులాగా దిగివచ్చే హిమానీనదాలు. చూడ ముచ్చటగా వున్నాయి, కాదనను. అన్నిటిలోకీ ఒక ఫొటో నన్ను బాగా ఆకర్షించింది. ఎగ్జిట్ గ్లేసియర్ అనే హిమానీనదం దగ్గరికి పోయే దారి పక్కన చిన్న చిన్న పలకలు పాతి వున్నాయి. ఒకదాని మీద 1917, ఇంకొకదాని మీద 1951, ఇలా అంకెలు. ఫలానా సంవత్సరంలో మంచు ఇక్కడి దాకా వుండేది సుమా, ఇప్పుడు చూడు ఎంత వెనక్కి పోయిందో, అని యాత్రికుడికి చెప్పడమన్నమాట.

ఫొటోల కింద మావాడు ఒక వాక్యం తగిలించాడు: "మన వూరి దగ్గర చూడ్డానికేముంది మామయ్యా, ఇసుక తప్ప!"

మా ఆవిడ చదివి, "నిజమే కదండీ. మన వేపు మంచంటే చేపల పెట్టెల్లో పోసే ఐసు ముక్కలే కదా" అన్నది.

ఇద్దరికీ కలిపి సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

మా వేపంటే తోటపల్లి గూడూరు. గూడూరు అనగానే రైలు జంక్షను అనుకుని అక్కడ దిగేవాళ్లు ఇప్పటికీ వున్నారు. ఆ గూడూరు వేరు, ఈ గూడూరు వేరు. ఇది నెల్లూరుకు తూర్పున, సముద్రం వేపు. నెల్లూరులో కాఫీ తాగి బయలుదేరితే ఆ రుచి నోట్లో వుండగానే చేరిపోవచ్చు. దారి పొడుగునా వరిచేలు. 1855లో నెల్లూరు దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టిన నాటి నుంచీ ఈ మాగాణికి కాలవ నీళ్లు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, సుమారు 600 కిలోమీటర్లు నడిచి, చాలా చోట్ల యెండిపోయి, ఆఖరికి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే నది మా పెన్న. ఆ నది తెచ్చి పోసిన మట్టి మీదనే మేమంతా కాపురాలుంటున్నాము.

బస్సులో కూర్చున్నవారు కిటికీ లోనుంచి ఒక సంగతి గమనించాలి. చేల మధ్య నేల ఉన్నట్టుండి కాస్త లేచి, ఇసుక దిబ్బ అవుతుంది. దిబ్బ మీద తాటిచెట్లు, ఇళ్లు. మళ్లీ పల్లం, మళ్లీ చేలు. ఇంకొంత దూరం పోతే మళ్లీ దిబ్బ. ఈ దిబ్బలు ఇంచుమించు సముద్రపు ఒడ్డుకు సమాంతరంగా, వరస వరసలుగా వుంటాయి. ఒక్కొక్క వరసా ఒకప్పటి సముద్రపుటొడ్డు. కొన్ని వేల యేళ్లుగా పెన్న మట్టి పోస్తూ వుంటే, సముద్రం ఆ మట్టిని అలలతో సర్ది, ఒడ్డున ఇసుక గట్టు వేసి, తాను తూర్పుకు జరుగుతూ వచ్చింది. అలాస్కావాళ్లు పలకలు పాతారు. మాకు ఆ అవసరం లేకుండా సముద్రమే పాతిపెట్టి పోయింది, అంకెలు వెయ్యలేదంతే. మా పెద్దలు మాత్రం ఆ గుర్తులు చదువుకున్నారు. వరదకు మునగని చోటు చూసుకుని దిబ్బల మీదనే ఇళ్లు కట్టుకున్నారు.

ఇక అసలు వింత. ఏ కరపత్రంలోనూ దీన్ని చూడవలసిన స్థలమని వేసినట్టు నేను చూడలేదు. దాని పేరు దొరువు.

సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుకలో గొయ్యి తవ్వండి. రెండు నిలువుల లోతు కూడా పోనక్కర్లేదు, నీళ్లు వూరతాయి. నోట్లో పోసుకోండి. తియ్యటి నీళ్లు! పక్కన అంత ఉప్పుసముద్రం పెట్టుకుని ఈ మంచినీళ్లెక్కడివి? వాన నీళ్లు. ఇసుకలో ఇంకిన వాన నీరు, ఉప్పు నీటికంటే తేలిక గనుక, దాని మీద తేలుతూ నిలుస్తుంది, పాల మీద మీగడలాగా. డచ్చి ఇంజనీరు గైబెన్, జర్మనుడు హెర్జ్‌బర్గ్ వేరువేరుగా దీని లెక్క తేల్చారు. సముద్ర మట్టానికి పైన 1 అడుగు ఎత్తు మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల లోతు దాకా మంచినీరే వుంటుందట. వినడానికి బాగానే వున్నది. కాని ఇదే లెక్క తిరగేసి చూడండి. ఆశపడి పైన ఒక్క అడుగు తోడేశామో, కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు ఎగబాకడానికి సిద్ధంగా వుంటుంది.

మా రైతులు గైబెన్‌ను చదవలేదు. అయినా దొరువును బావిలాగా లోతుకు దింపలేదు. వెడల్పుగా, వాలుగా, పళ్లెంలాగా తవ్వారు. మీగడను మీగడలాగానే తియ్యాలని వాళ్లకు తెలుసు. వాలు దిగి రెండు చేతులా రెండు కడవలు ముంచి, పైకి వచ్చి మొక్క మొక్కకూ పోసేవాళ్లు. ఆ నీళ్లతో ఇసుకలో వేరుశనగ పండించారు, కూరగాయలు పండించారు, సర్వి నారు పెంచారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతినే తీసుకుని, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పాతి, ఒక తొట్టిలోకి నీరు చేరేట్టు చేసి, దొరువును బాగు చేశారు. భాష చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక ఇంకొక మాట. పులికాట్ సరస్సుకు సముద్రంతో కలిసే నోళ్లలో ఒకదాని పేరు రాయదొరువు. ఈ తీరంలో ఈ మాటకు ఎంత చలామణీ వున్నదో దాన్ని బట్టి చూడండి.

పట్నం నుంచి వచ్చేవారిని నేను ముందు దొరువు దగ్గరికే తీసుకుపోతాను. త్వరగా చూడమని కూడా చెబుతాను. కారణం రొయ్య.

1990 తరవాత ఈ తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. ఉప్పునీరు తోడి చేలల్లో నిలబెట్టారు. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చాలామంది కుదేలైపోయారు. 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు, తీరానికి దగ్గరగా వున్న ఇటువంటి చెరువులను తీసివేయవలసిందని తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, అనుమతుల పద్ధతి పెట్టింది. 2009లో పసిఫిక్ సముద్రపు తెల్ల రొయ్య, వనామీ, దిగింది. గుంటలు మళ్లీ కళకళలాడాయి. నేను రొయ్యను తిట్టను. పూరి గుడిసెల చోట డాబాలు లేచినవి దాని వల్లనే. మా కాలేజీకి వచ్చే పిల్లల్లో ఎందరి ఫీజులో అందులోనుంచే వస్తాయి. కాని నిలవబెట్టిన ఉప్పునీరు ఇసుకలోకి దిగక మానదు. దానికి తోడు ఇటు బోర్లు వేసి మంచినీరు లాగేస్తుంటే, మీగడ యెన్నాళ్లుంటుంది? ఒక పల్లెలో ముసలమ్మ నాతో అన్న మాట వినండి.

"రొయ్య మాకు ఇల్లు కట్టించింది అయ్యవారూ. బిందె మాత్రం పక్కూరికి పంపించింది."

దీనికి విరుగుడు మా వూరి వాళ్ల చేతుల్లోనే వున్నది. మంచినీటి దొరువులున్న ఇసుక పట్టీని రొయ్యకు వదలకుండా, పొలిమేర గీసినట్టు గీసుకోవాలి. అక్కడ బోర్లు దింపకూడదు. దిబ్బల ఇసుకను లారీలకెత్తకూడదు; వాన నీటిని పట్టి దాచే జాడీ ఆ దిబ్బే. పంచాయతీ కూర్చుంటే తేలే పని. ఎన్నికలప్పుడు మాత్రం ఎవరూ ఈ వూసెత్తరు.

సముద్రానికి పోయే ముందు బకింగ్‌హాం కాలవ దాటాలి. వంతెన మీద ఒక్క నిమిషం ఆగండి. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన ఈ కాలవ, ధాత కరువు నాళ్లలో, 1876-78 మధ్య, ఆకలికి పలుగూ పారా పట్టిన జనం చేత ముందుకు సాగింది. పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువుది. ఉప్పు, బియ్యం, సర్వి కట్టెలు పడవల మీద మద్రాసు పోయేవి. రైళ్లూ లారీలూ వచ్చాక, తుఫానుల దెబ్బకు పూడిపోయాక, ఆ వైభవం పోయింది. అయితే 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున సునామీ లేచి వచ్చినప్పుడు ఈ పాత కాలవ చాలా చోట్ల ఆ నీటిని తన పొట్టలోకి తీసుకుని, వేగం విరిచిందని శాస్త్రజ్ఞులు రాశారు. కరువులో చచ్చి బ్రతికిన కూలీలు తవ్విన కాలవ, నూట ఇరవై యేళ్ల పైచిలుకు తరవాత, వాళ్లు కలలో కూడా అనుకోని ఆపదలో అక్కరకు వచ్చింది.

కోడూరు ఒడ్డు విశాలంగా వుంటుంది. సర్వి తోపులో కూర్చుని పులిహోర పొట్లం విప్పుకోవచ్చు. సూర్యోదయం చూడమని అందరూ చెబుతారు. నేను పౌర్ణమి సాయంకాలం రమ్మంటాను. ఒడ్డున నిలబడితే, వెనక వరిచేల మీద సూర్యుడు దిగిపోతున్న వేళకే, ఎదట సముద్రం లోనుంచి చంద్రుడు పైకి వస్తాడు. ఇంచుమించు ఒకే సమయం. మర్నాడు పోయారా, చంద్రుడు ముప్పావు గంటకు పైగా ఆలస్యం చేస్తాడు. మీ పిల్లలు నిద్రకు పడతారు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు సముద్రపు తాబేళ్లు, ఆలివ్ రిడ్లీలంటారు, ఒడ్డెక్కి ఇసుకలో గొయ్యి తీసి, నూరు గుడ్ల వరకూ పెట్టి, కప్పి పోతాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలవుతాయి. ఇసుక వేడిగా వుంటే ఆడపిల్లలు, చల్లగా వుంటే మగపిల్లలు. గుడ్డు పగిలి బయటికి రాగానే, ఎటు ఆకాశం వెలుగ్గా వుంటే అటు నడుస్తాయి. అటే సముద్రమని వాటి నమ్మకం. మన టార్చి లైట్లు, హోటలు దీపాలు చూసి ఊరి వేపు నడిచి చస్తాయి. కనక రాత్రి పోతే దీపాలార్పి కూర్చోండి. గుడ్లు తాకడం నేరం కూడా; 1972 చట్టం వున్నది.

నీళ్లలో దిగే సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. సెలవు మర్నాడు పేపరు తెరిస్తే, తీరం వెంట ఎక్కడో ఒక చోట కుర్రవాడు మునిగిపోయిన వార్త కనిపిస్తూనే వుంటుంది. వాళ్లంతా ఈత రానివాళ్లు కారు. ఒడ్డుకు కొట్టిన నీరు వెనక్కి పోవడానికి సన్నటి దారి చేసుకుంటుంది. ఆ దారిలో అల విరగదు. అటూ యిటూ నురగలు కక్కుతుంటే అక్కడ నున్నగా, కాస్త మడ్డిగా కనిపిస్తుంది. ఇదేదో నెమ్మదిగా వున్నదే అని పట్నం పిల్లలు అక్కడే దిగుతారు. అది లోపలికి లాక్కుపోతుంది. చిక్కితే ఒడ్డుకు ఎదురీదవద్దు. ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక తిరగాలి. ఈత రాని వారు మోకాలి లోతు దాటకండి. ఒడ్డున పడవ వాళ్లుంటే, "ఇక్కడ దిగొచ్చా అన్నా?" అని ఒక్క మాట అడగండి.

రెండో రోజు వుంటే మైపాడు తీరం, పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమం చూసి రావచ్చు. కృష్ణపట్నం రేవు పెద్దదే గాని, ప్రకృతి కోసం వచ్చినవారికి అక్కడ పెద్దగా పని లేదు.

మూడో రోజు దొరికితే దక్షిణంగా సూళ్లూరుపేట దారి పట్టండి. 2022లో అది తిరుపతి జిల్లాలోకి పోయింది; పక్షులకు ఆ సంగతి పట్టదు. పులికాట్ మన దేశంలో చిలక తరవాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. చాలా చోట్ల మనిషి నడుము లోతు కూడా వుండదు. శ్రీహరికోటకు పోయే రోడ్డు దాని మధ్య నుంచే వెళుతుంది. రెండు పక్కలా ఫ్లెమింగోలు. పత్రికల వాళ్లు వీటిని రాజహంసలంటున్నారు; మన కావ్యాల్లో హంస ఇది కాదని తెలుగు మేస్టరుగా నా అభ్యంతరం. తినే నాచు, చిన్న రొయ్యల్లోని రంగే వాటి రెక్కలకు ఎక్కుతుంది.

నేలపట్టు మాత్రం తప్పవద్దు. 1976లో పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. చెరువులో, నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు సరేసరి. అక్టోబరు నుంచి మార్చి దాకా కాలం. వానలు వెనకబట్టిన జనవరి మంచి నెల. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఎరిగిన ఆ వూరివాళ్లు, చట్టం రాకముందు నుంచే వాటిని కొట్టనిచ్చేవారు కారు. మధ్యాహ్నం భోజనం కాగానే చేరుకోండి. పొద్దు వాలే వేళకు పులికాట్ వేపు నుంచి గూడబాతులు ముక్కుసంచి నిండా చేపలతో తిరిగి వస్తాయి. పిల్లలు తలను తల్లి గొంతులో దూర్చి తింటాయి. దుర్భిణి లేకపోయినా కనిపిస్తుంది.